ఫోన్ తెర మీది మబ్బుబొమ్మ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మబ్బుబొమ్మ గారికి,

బెజవాడ నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి. తమరు ఎప్పట్లాగే సగం సూర్యుణ్ణి చంకన పెట్టుకుని, కింద మూడు నీలిచుక్కలు రాలుస్తూ, వాతావరణం చెప్పే యాప్ పేరున ఫోన్ తెర మూలన కులాసాగా ఉన్నారని తలుస్తాం. ఇక్కడ గొడుగు తెచ్చుకున్నవాళ్ళు ఎండలోనూ, తెచ్చుకోనివాళ్ళు వానలోనూ తమరినే తలుచుకుంటున్నారు.

వాన సంగతి తప్పు చెప్పారని కాదు ఈ ఉత్తరం. వాన దగ్గర తప్పడం పెద్ద పెద్ద వాతావరణ కేంద్రాలకూ ఉన్నదే. ఊరంతటికీ ఒక బొమ్మ, రోజంతటికీ ఒక అంకె పడేసి, తెలిసినదాని కంటే ఎక్కువ తెలిసినట్టు మొహం పెడతారే, పేచీ అక్కడ.

ముందు ఎండ సంగతి. 'మీరున్న చోట ఇప్పుడు 41 డిగ్రీలు' అంటారు. మేమున్న చోట తమరికి థర్మామీటరు ఎక్కడుంది స్వామీ? విజయవాడ పేరు మీద లెక్కకొచ్చే పరిశీలన కేంద్రం గన్నవరం విమానాశ్రయం దగ్గరుంది, ఊరికి ఇరవై కిలోమీటర్లు. అక్కడ కొలిచేది నీడలో గాలి వేడి: తెల్లరంగు వేసిన, గాలి ఆడేలా వాలుపలకలు దిగ్గొట్టిన చెక్కపెట్టె, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, తలుపు ఉత్తరం వైపు. తలుపు దక్షిణానికి పెడితే తీసిన ప్రతిసారీ ఎండ లోపలికి దూరుతుంది. వన్‌టౌన్ సందుల్లో డాబా గోడలు రాత్రి పదకొండుకీ వేడి కక్కుతూనే ఉంటాయి. ఆ సంగతి గన్నవరం పెట్టెకు తెలీదు, దాని పని కూడా కాదు. తమరు మాత్రం నేలను గడులుగా విడదీసి వాతావరణం లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలోని అంకెలు తీసి, నడుమ ఒక అంకె అల్లి, దానికి 'మీరున్న చోట' అని పేరు పెడతారు. కారు మీటర్లో 46 చూసి తమరితో తగువు పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ సెన్సర్ ముందు బంపర్ దగ్గర ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగితే తారురోడ్డు సెగ పీలుస్తుంది. ఆ తగువులో తమరే నయం.

ఇక 'అనిపించేది 49' అనే వింత ఒకటి. ఉక్కను వేడితో కలిపి కట్టే ఆ లెక్క నీడలో, చిన్నగా గాలి వీస్తున్న చోట నిలబడ్డ మనిషికి. నడినెత్తిన ఎండ ఉంటే దాని మీద ఇంకో 8 డిగ్రీల దాకా కలుపుకోవాల్సి రావచ్చు. బెంజిసర్కిల్ ఫ్లైఓవర్ మీద బండి నడిపేవాడికి ఆ నీడ ఎవరిస్తారు?

వడగాలులంటే ఎంత ఎండో కూడా తమరు చెప్పరు. వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో గరిష్ఠం కనీసం 40 ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి, 6.4 దాటితే తీవ్రం. మామూలుతో పనిలేకుండా 45 తాకినా వడగాలే. బాపట్ల, మచిలీపట్నం లాంటి తీరప్రాంత కేంద్రాలకు 40 బదులు 37 చాలు. కారణం సముద్రపు గాలి. మధ్యాహ్నం అది బందరును ముందు తాకి, మెల్లగా బెజవాడ వైపు నడుస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున అది సముద్రపు గాలిని దారిలోనే ఆపేస్తుంది, ఇక సాయంత్రం దాకా మన నసీబు ఇంతే. మే నెలలో రెండు గంటలకు గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో చూస్తే సాయంత్రం ఎలా ఉంటుందో సగం తెలిసిపోతుంది. తమరు గాలి దిక్కును ఎక్కడో నాలుగో పేజీ అడుగున, చీమంత బాణంగా దాచారు.

వాన దగ్గరికి వద్దాం. '60 శాతం' అంటారు. రోజులో అరవై వంతులా, ఊళ్ళో అరవై వంతులా, వాన బలం అరవై వంతులా అని ఇంట్లో ముగ్గురు మూడు రకాలుగా కొట్టుకుంటారు. నిజానికి దాని తాత్పర్యం ఇంతే: ఇలాంటి అంకె ఇచ్చిన పది రోజుల్లో ఆరు రోజులు ఆ చోట వాన పడాలి. ఎంత పడితే వాన కింద లెక్కో, నాలుగు చినుకులా నడుము లోతా, అది తమరు చెప్పరు. వాతావరణ శాఖకు 2.5 మిల్లీమీటర్లు చేరితేనే వాన రోజు. 15.5 దాకా తేలికపాటి, 64.4 దాకా మోస్తరు, 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతిభారీ, 204.5 నుంచి అత్యంత భారీ. తమరి దర్బారులో 3 మిల్లీమీటర్లకూ మూడు చుక్కలే, 60కీ మూడు చుక్కలే. వంద గజాల డాబా మీద 60 మిల్లీమీటర్లు పడితే ఐదు వేల లీటర్లు దిగుతాయి. మూడు చుక్కలట.

పైగా 'సాయంత్రం 4 గంటలకు ఉరుములు' అని గడియారం చూపిస్తారు. తమరి వెనకున్న ప్రపంచ నమూనాల్లో ఒక్కో గడి వెడల్పు 9 నుంచి 13 కిలోమీటర్లు. మన దేశం 2025 మేలో తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6. మే నెల ఉరుముల మబ్బు ఒక్కటి కొన్ని కిలోమీటర్ల వెడల్పుంటుంది, అరగంట నుంచి గంటలో పుట్టి పెరిగి పోతుంది. ఒకే గడిలో కొండపల్లి కొండా, కృష్ణ నీళ్ళూ, ఇబ్రహీంపట్నం పొగగొట్టాలూ కలిసిపోయినప్పుడు పటమటలో జడివాన, భవానీపురంలో దుమ్ము అనే తేడా తమరికి కనబడే దారే లేదు. లెక్కలు మొదలయ్యేదీ మన గడియారంలో ఉదయం 5:30, 11:30, సాయంత్రం 5:30, రాత్రి 11:30లకు. ఫలితం తేలడానికి ఇంకొన్ని గంటలు. పొద్దున కాఫీతో తమరు చెప్పేది చాలాసార్లు రాత్రి వండినదే. మధ్యాహ్నానికి బొమ్మ మారితే తమరికి కొత్త బుద్ధి పుట్టిందనుకుంటారు జనం. కొత్త లెక్క వచ్చింది, అంతే.

మన పల్లెల్లో 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్నవాళ్ళు కూడా పదమూడు, పద్నాలుగు రోజుల కార్తెను మొత్తంగా చూశారు గానీ, ఉత్తరలో మంగళవారం నాలుగింటికి అని ముహూర్తం పెట్టలేదు.

ఇక్కడ తమరికి పోటీగా వాన మబ్బుల్ని పసిగట్టే మచిలీపట్నం డాప్లర్ రాడార్ ఉంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు ఎక్కువగా పడమర, వాయవ్యాల నుంచే వస్తుంది. అరగంట తేడాతో రెండు రాడార్ బొమ్మలు చూసి, జోరు వాన మబ్బును చూపే ఎర్రమచ్చ ఎంత జరిగిందో కొలవాలి. 15 కిలోమీటర్లు జరిగితే గంటకు 30. ఊరికి 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే నలభై నిమిషాలు, దారిలో చావకపోతే. దీంట్లోనూ ఒక మెలిక ఉంది. రాడార్ కిరణం దూరం వెళ్ళేకొద్దీ నేలకు ఎత్తవుతుంది, చూసేది పైనున్న చినుకుల్ని. ఏప్రిల్ గాలి పొడిగా ఉంటే ఆ చినుకులు కిందికి వస్తూ దారిలోనే ఆవిరైపోతాయి. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ గాలి చల్లబడి, బరువెక్కి, దబ్బున నేలకు దిగి నాలుగు దిక్కులా కొడుతుంది. చుక్క వాన లేకుండా ఈదురుగాలి రావడం, నూజివీడు తోటల్లో మామిడికాయలు రాలిపోవడం అలా జరుగుతుంది. ఆ రోజు వాన పడలేదు కాబట్టి తమరి లెక్కలో తమరు గెలిచినట్టే. రైతుకు కాయ పోయింది.

గుంటూరు చుట్టుపక్కల కళ్ళాల మీద మిర్చి ఆరేసినవాళ్ళ సంగతి తమరు అసలే ఆలోచించరు. కాయలో తేమ 10, 11 శాతానికి దిగేదాకా ఎండాలి. తడిస్తే రంగు పోయి తాలు (నాసి కాయ) కింద పోతుంది, బూజు పడుతుంది. వానకు భయపడి పగలంతా పట్టా కప్పి ఉంచితే లోపల చెమ్మపట్టి అదీ చెడుపే. అందుకే ఆఫీసుకెళ్ళేవాడు లెక్కచెయ్యని 20 శాతం కూడా రాత్రిపూట కళ్ళంలో పట్టా కప్పడానికి చాలు, ఎందుకంటే రాత్రి కప్పితే పోయేదేమీ లేదు. అదే 20 శాతం పగలైతే కప్పకుండా, పట్టా పక్కనే పెట్టుకుని, పడమర ఒక కన్నేసి ఉంచడం మేలు. అంకె ఒకటే, పని రెండు. తమరు ఇద్దరికీ అదే చిన్న మబ్బును చూపిస్తారు.

తుపాన్లప్పుడు తమరి వేషం వేరు. తీరం దాటే చోట ఒక సుడి గీసి, మిగతా ఊళ్ళకు మామూలు చుక్కలు పంచుతారు. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం తీరం దాటింది కళింగపట్నం దగ్గర, మనకు దాదాపు 400 కిలోమీటర్ల అవతల. ముంచింది మాత్రం విజయవాడను. ఇది వింతేమీ కాదు: నైరుతి కాలపు వాయుగుండాలకు వాన బరువంతా సాధారణంగా నైరుతి మూలన ఉంటుంది, మనం ఉన్నది ఆ మూలే. ఆపైన బుడమేరు వాగు మైలవరం వైపు కొండల నీళ్ళు మోసుకొచ్చి గట్లు తెంచి సింగ్‌నగర్‌లో పోసింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఊరి మీద బొమ్మ చూస్తే సరిపోదు, ఊరికి నీళ్ళు పంపే పరీవాహకం మీద బొమ్మ చూడాలి. ఆ మీట తమరి దగ్గర లేదు.

ఫోన్‌లోనే తమరి పక్క గదిలో కాపురముండే, గాలి పీడనం కొలిచే బారోమీటరు గురించి ఒక్క మాట. మధ్యాహ్నం పీడనం మూడు హెక్టాపాస్కల్స్ (పీడనానికి కొలమానం) పడిపోగానే వాట్సాప్‌లో తుపాను లేపేవాళ్ళున్నారు. మన ప్రాంతంలో పీడనం రోజూ రెండుసార్లు ఎక్కి దిగుతుంది: పొద్దున పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. నిన్న ఇదే గంటకు ఎంతుందో దానితోనే పోల్చాలి. మూడో అంతస్తుకెక్కి చూసి పడిపోయిందనడం ఇంకో తమాషా. ఎనిమిది, తొమ్మిది మీటర్లు ఎక్కితే సుమారు ఒక హెక్టాపాస్కల్ తగ్గుతుంది.

ఇక తమరి మీద నిఘా ఎలా పెట్టాలో నలుగురికీ తెలిసేలా ఇక్కడే రాస్తున్నాం, దాపరికం లేదు. మూతి లోపలి వ్యాసం 11.3 సెంటీమీటర్లున్న నిలువు గోడల డబ్బా తీసుకుంటే మూతి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు. అందులో చేరిన ప్రతి 10 మిల్లీలీటర్లూ 1 మిల్లీమీటరు వాన. మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి కొలతకు చాలు. గరాటు పెట్టి సీసాలోకి పట్టేవాళ్ళు వ్యాసాల నిష్పత్తిని వర్గం చెయ్యాలి: గరాటు 20 సెంటీమీటర్లు, సీసా 10 అయితే సీసాలో 40 మిల్లీమీటర్ల ఎత్తు నీళ్ళంటే పడింది 10. సగం అనుకుని 20 రాసుకునేవాళ్ళే ఎక్కువ. అడుగున గుంటలున్న కూల్‌డ్రింక్ సీసా అయితే ముందు గుంటలు నిండేదాకా నీళ్ళు పోసి అక్కడ సున్నా గీత గియ్యాలి. డబ్బా మూతి సమతలంగా, నేలకు అడుగు ఎత్తున, గోడకో చెట్టుకో దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. డాబా తప్ప చోటు లేనివాళ్ళు నీళ్ళ ట్యాంకుకు దూరంగా నడుమ పెట్టుకోవాలి. అక్కడ గాలి చినుకుల్ని మూతి మీదుగా పక్కకు ఈడ్చేస్తుంది కాబట్టి అసలు కంటే కాస్త తక్కువే పడుతుంది.

రోజూ ఉదయం 8:30కి కొలిచి పారబొయ్యాలి. అధికారిక వాన రోజు ముగిసేది అప్పుడే. మంగళవారం రాత్రి తొమ్మిదింటి వాన బుధవారం ఖాతాలో పడుతుంది; పేపరు అబద్ధం రాసిందని తగువుకు పోనక్కర్లేదు.

పక్క గడిలో ముందురోజు రాత్రి తమరు చెప్పిన శాతం రాసుకోవాలి, పొద్దున మారాక దిద్దకూడదు. నెల తిరిగాక 60 అన్న రోజుల్లో ఎన్నిటికి పడిందో, 10 అన్నవాటిలో ఎన్నిటికి పడిందో విడివిడిగా చూడాలి. మొత్తం మీద ఎన్ని రోజులు చెప్పింది నిజమైందని కూడితే మోసపోతాం. ఏప్రిల్లో కళ్ళు మూసుకుని రోజూ 'వాన లేదు' అనే చిలకజోస్యం కూడా చాలా రోజులు గెలుస్తుంది.

తమరిని ఫోన్ లోంచి తీసెయ్యమని మేము అడగడం లేదు. మూడు చుక్కల పక్కన మిల్లీమీటర్లు రాయండి. ఆ లెక్క ఏ గంటకు మొదలైందో చూపించండి. గాలి బాణాన్ని కాస్త పెద్దది చేసి ముందు పేజీకి తెండి. 'మీరున్న చోట' అన్న మాట తీసి, ఆ అంకె కొలిచిందో అల్లిందో చెప్పండి. ఇవేవీ కుదరకపోతే, కనీసం పిడుగుల రోజున సగం సూర్యుణ్ణి ఆ చంకలోంచి దించండి.

ఇట్లు,
డాబా మీద డబ్బాలు పెట్టుకున్నవాళ్ళు,
కృష్ణకు అటూ ఇటూ