మౌస్ పట్టుకుంటే చెమటలు

వెయ్యిమంది పిల్లల్ని ఒక్క చూపుతో నిలబెట్టే హెడ్‌మాస్టర్‌ని నేను, మౌస్ పట్టుకుంటే మాత్రం అరచేతులకు చెమటలు పడతాయి. నవ్వకండి. నిన్న పదో తరగతి పిల్లల అడ్మిషన్ నంబర్లు ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నా, 00457 అని కొట్టి ఎంటర్ నొక్కితే 457 మిగిలింది, మళ్లీ కొట్టా, సున్నాల్ని మళ్లీ మింగేసింది. పన్నెండంకెల నంబరైతే మరీ ఘోరం, మధ్యలో ఎక్కడిదో ఇంగ్లిష్ ‘E’ అక్షరం, పక్కన ప్లస్ గుర్తు! నేనేదో పాడుచేశానని అరగంట టెన్షన్. చివరికి మా కంప్యూటర్ సార్ వచ్చి, ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలండీ, లేదంటే నంబరు ముందు సింగిల్ కోట్ పెట్టాలి అన్నాడు. అంతేనట!

ఈ ముక్క మాకిచ్చిన కంప్యూటర్ ట్రైనింగ్‌లో చెప్పొచ్చుగా? అదీ ఒక్కపూట తంతు, వెనక కూర్చున్నవాళ్లకి తెర కనపడదు, చెప్పేవాడు టకటకా నొక్కుకుంటూ పోయి ‘అర్థమైందా సార్’ అంటే అందరం తలూపుతాం, రోజూ పిల్లలకి ‘తెలియకపోతే అడగండ్రా’ అని చెప్పేది మేమే.

ఇప్పుడా కంప్యూటర్ సార్‌కి బదిలీ అట. ఆన్‌లైన్ ఫారాలకి గడువేమో సోమవారం.