పచ్చసొన గారికి, పళ్లెం అంచు నుంచి

మహారాజశ్రీ పచ్చసొన గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అంటే బీపీ మాత్ర మీద, షుగరు బోర్డర్లో, కొలెస్ట్రాల్ ఎర్రంకెల్లో క్షేమం. తమరు పెంకులో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఆరేళ్ల కిందట కొత్తపేటలో ఒక డాక్టరు గారు నా రిపోర్టు చూసి, కళ్లజోడు మీంచి నన్ను చూసి "గుడ్లు తింటారా?" అన్నారు. తింటానండీ అన్నాను. "పచ్చది తీసేసి తినండి." అంతే, విచారణ లేదు, సాక్షులు లేరు. మర్నాటి నుంచి మిమ్మల్ని పళ్లెం అంచుకు వెలేశాను. ఉడికిన గుడ్డు సగానికి కోసి, వెనక నుంచి బొటనవేలితో నొక్కితే తమరు ఊడి చేతిలో పడేవారు. కాస్త ఎక్కువ ఉడికిన రోజు మీ చుట్టూ ఆకుపచ్చ గీత ఒకటి. "చూశావా, విషం!" అని మా ఆవిడకు చూపించేవాణ్ణి. మీలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిస్తే ఆ గీత పడుతుందట. పొయ్యి మీద గుడ్లు పెట్టి ఫోన్లో మునిగింది నేనే కదా, మిమ్మల్ని అని ఏం లాభం.

డాక్టరు గారు అడగనివి, నేను చెప్పనివి కొన్ని ఉన్నాయి. పొద్దున వాకింగ్ అవగానే నెయ్యి కారం ఇడ్లీ. ఇడ్లీ మునిగితే గానీ నెయ్యి పోయడం ఆపని బండి అది. మధ్యాహ్నం పప్పు, ఆవకాయ, మళ్లీ నెయ్యి, మారు మీద మారు తెల్లన్నం. సాయంత్రం అరండల్‌పేటలో మిర్చి బజ్జీ, ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండింది. ఇన్ని నిందితులు ఎదురుగా ఉంటే కేసు మాత్రం మీ మీద పెట్టాం. ఒంట్లో తిరిగే కొలెస్ట్రాల్లో ఎక్కువ భాగం లివరే తయారు చేసుకుంటుందనీ, చెడ్డ కొలెస్ట్రాల్ పెంచడంలో మీకన్నా నెయ్యి, డాల్డా లాంటి వాటి చెయ్యే పెద్దదనీ ఎవరో చెబితే, బజ్జీ నములుతూ శ్రద్ధగా విన్నాను.

అమెరికా వాళ్లు మిమ్మల్ని ఎప్పుడో బోనెక్కించారు. 1968లో అక్కడి గుండె సంఘం రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ చాలు, వారానికి మూడు పచ్చసొనలు దాటొద్దు అంది. తమరు ఒక్కరే సుమారు 185 మిల్లీగ్రాములు మోస్తారు మరి. 1984లో టైమ్ పత్రిక అట్ట మీద రెండు గుడ్లను కళ్లుగా పెట్టి ఏడుపు మొహం వేశారు. తర్వాత 2015–20 ఆహార సూచనల్లో ఆ 300 పరిమితిని ఎత్తేశారు. ఎత్తేసి ఊరుకున్నారా, వీలైనంత తక్కువ తినండి అని ఓ తోక తగిలించారు. 2019లో ఒక పెద్ద అధ్యయనం గుడ్లు ఎక్కువ తినేవాళ్లకు గుండె జబ్బు ముప్పు కాస్త ఎక్కువంది. 2020లో ఇంకోటి రోజుకు ఒకటి దాకా ముప్పేమీ కనపడలేదంది. కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే సామెత అనుకున్నాను, ఉద్యోగం కూడానట. అందులో 2019 నాటి లెక్కకు, మొదట్లో ఒక్కసారి "మీరేం తింటారు?" అని అడిగి రాసుకున్నదే ఆధారం. నిన్న రాత్రి ఏం తిన్నానో నేను మా ఆవిణ్ణి అడిగి చెప్పాలి.

అసలు మా ఇంట్లో ఈ గొడవ ఎప్పుడో తేలిపోయింది. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం బాబా, శనివారం వెంకన్న. శుక్రవారం లక్ష్మీదేవి విషయంలో మా అమ్మ చూసీ చూడనట్టు పోతుంది. మిగిలింది మూడు రోజులు, వారానికి మూడు గుడ్లు. 1968లో అమెరికా గుండె సంఘం కనిపెట్టింది మా వంటింటి క్యాలెండర్లో ముందే ఉంది. కార్తీకమాసం వస్తే ఆ మూడూ బంద్. కేకు మాత్రం ఏ వారమైనా తినొచ్చు. అందులో గుడ్డు కనపడదు కదరా అంటుంది అమ్మ.

మరి అంచుకు తోసిన మీరు ఎక్కడికి పోయారంటారా? "పారేస్తే పాపంరా" అని అమ్మ మిమ్మల్ని ఓ కాగితంలో పెట్టి గేటు బయట కుక్కకు వేసేది. మా లైన్లో ఆ కుక్కంత నిగనిగలాడే ప్రాణి ఇంకోటి లేదు. ఇక్కడ నేను డి విటమిన్ తక్కువ, బీ12 తక్కువ అని మెడికల్ షాపులో మాత్రల స్ట్రిప్పులు కొనుక్కుంటున్నాను. ఎ, డి, బీ12 విటమిన్లు, కోలిన్ అనే పోషకం, గుడ్డు ప్రోటీన్లో దాదాపు సగం, అన్నీ మీ దగ్గరే పెట్టుకున్నారట. తెల్లసొనలో మిగతా ప్రోటీను, నీళ్లు తప్ప పెద్దగా లేదు. మీ ఒక్కరితో నా డి విటమిన్ తీరేది కాదనుకోండి. అయినా ఆరేళ్లు కుక్కకు అసలు, నాకు బిల్లు! ఈ రాష్ట్రం దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటిది, మన బడుల్లో పిల్లలకు వారానికి ఐదు గుడ్లు పెడుతున్నారు. ఒక్క పిల్లాడూ మిమ్మల్ని అంచుకు తోసి ఉండడు.

పోయిన నెల ఇంకో డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్లాను. చిన్నావిడ, కళ్లజోడు లేదు. "రోజుకొకటి పచ్చసొనతో సహా తినండి. మీకు షుగరు బోర్డర్లో ఉంది కాబట్టి అంతకు మించొద్దు" అన్నారు. లేవబోతుంటే, "గుడ్డు సంగతి సరేనండీ, దేంతో తింటున్నారు?" అన్నారు. వేపుడులో ఎంత నూనె, పక్కన ఎంత అన్నం అని కూడా అడిగారు. ఆరేళ్లలో ఈ ప్రశ్న వేసింది ఆవిడొక్కరే. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

ఇవాళ ఆదివారం. అమ్మ గుడ్ల పులుసు పెట్టింది. గాట్లు పెట్టిన గుడ్లలోంచి పులుసు మీ దాకా ఇంకి, పైన నూనె తేలుతోంది. తమరిని సగౌరవంగా పళ్లెం మధ్యలోకి ఆహ్వానిస్తున్నాను. కుక్క గేటు దగ్గర కూర్చుని నా వైపే చూస్తోంది. దాంతో మీరే మాట్లాడుకోండి.

రేపు సోమవారం, మళ్లీ బుధవారం కలుద్దాం.

ఇట్లు,
మాజీ తెల్లసొన పక్షపాతి,
బ్రాడీపేట, గుంటూరు