మాటలు లెక్కపెడితే రెండు భాషల్లోనూ లెక్కపెట్టండి

ఇంట్లో రెండు భాషలుంటే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయని, మొదటి రెండేళ్లు ఒక్క భాషే మాట్లాడమని ఒక వ్యాసంలో రాశారు. ఇది చదివి ఎంతమంది తల్లులు టెన్షన్ పడి సొంత భాష మానేస్తారోనని బాధగా ఉంది.

ఏడాదిన్నర పాపకు ఒక భాషలో 20 మాటలు, ఇంకోదాంట్లో 30 వచ్చాయనుకోండి. ఒకదాన్నే లెక్కేస్తే వెనకబడినట్టు కనిపిస్తుంది. రెండూ కలిపితే తోటి పిల్లలకు ఏమీ తీసిపోదు. చాలామంది పొరపడేది ఇక్కడే.

ఇక భాషలు కలగలిపేస్తారన్న భయం. రెండేళ్ల పిల్లవాణ్ణి కాస్త గమనించండి. బంతి కావాలని అమ్మమ్మను ఆమె భాషలో అడుగుతాడు, వెంటనే నాన్నవైపు తిరిగి ఆయన భాషలో అడుగుతాడు. మాట గుర్తురానప్పుడు రెండో భాషలోంచి తెచ్చుకుంటాడు, పెద్దవాళ్లం మనమూ అదే చేస్తాం కదా! అసలు కడుపులో ఉండగానే ఇంగ్లిష్, ఫిలిప్పీన్స్ భాష తగలోగ్ రెండూ విన్న పసికందులు పుట్టిన కొద్ది రోజులకే ఆ రెంటినీ వేరుగా గుర్తుపట్టారని 2010లో ఒక అధ్యయనం వచ్చింది.

అయితే టీవీ పెట్టేస్తే రెండో భాష వచ్చేస్తుందనుకోవద్దు. 2003లో పసిపిల్లల భాషపై పరిశోధించే పాట్రీషియా కూల్ బృందం 9 నెలల అమెరికన్ పిల్లలకు చైనా వారి మాండరిన్ వినిపించింది. మనుషులు ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుకున్నారు. అదే వీడియోలో చూపిస్తే పట్టుకోలేకపోయారు.

రెండు భాషలు కలిపినా మాటలు మరీ తక్కువగా ఉంటే, పిలిచినా తిరిగి చూడకపోతే మాత్రం ముందు వినికిడి పరీక్ష చేయించండి. దానికి కారణం రెండో భాష అని సరిపెట్టుకోకండి.