ఫ్లోరెన్స్ వెళ్ళే రోజు పీసాని వదిలేద్దాం

వచ్చే వేసవిలో మన అసోసియేషన్ నుంచి పదిహేను కుటుంబాలు కలిసి మధ్యధరా సముద్రం క్రూజ్‌కి వెళ్దామని అనుకుంటున్నాయి. వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా ఇదే చర్చ. ఓడ ఇటలీలోని లివోర్నో రేవులో ఆగే రోజు గురించి మాత్రం అందరిదీ ఒకటే మాట: పొద్దున పీసా, మధ్యాహ్నం ఫ్లోరెన్స్, సాయంత్రానికి ఓడ. ఆ ప్లాన్ వద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట మేం సరిగ్గా ఇదే పని చేశాం. నాలుగు కుటుంబాలం కలిసి వ్యాన్ మాట్లాడుకున్నాం. "ఇంత దూరం వచ్చి ఆ వాలిన గోపురం చూడకపోతే ఎలా, మళ్ళీ వస్తామో రామో" అని అందరం అన్నాం, నేనూ అన్నాను. పీసాలో గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫోటోలు దిగేసరికి గంటన్నర గడిచింది. లివోర్నో, పీసాల నుంచి ఫ్లోరెన్స్‌కి వెళ్ళే హైవేని అక్కడివాళ్ళు ఫిపిలి అంటారు. ఫిరెంజె (ఫ్లోరెన్స్‌కి ఇటాలియన్ పేరు), పీసా, లివోర్నో, ఈ మూడు ఊళ్ళ పేర్ల మొదటి అక్షరాలు కలిపిన పేరది. దాని మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఫ్లోరెన్స్ చేరేసరికి ఒంటిగంటన్నర. పాత నగరం నడిబొడ్డుకి బయటి బళ్ళని రానివ్వరు, కెమెరాలు పెట్టి జరిమానా వేస్తారు. దూరంగా దిగి, నిద్రలో ఉన్న పిల్లల్ని ఎత్తుకుని నడిచాం. కెథడ్రల్ ముందు నలభై నిమిషాలు ఉన్నాం. లోపలికి వెళ్ళే క్యూ చూసి వెనక్కి తిరిగాం. ఇంటికొచ్చాక మా అమ్మాయి బొమ్మ గీస్తూ, "నాన్నా, ఆ పెద్ద చర్చి గోడలు ఏ రంగు?" అని అడిగింది. నాకు గుర్తు లేదు. ఫోన్ తీసి చూసి చెప్పాను: తెలుపు, ఆకుపచ్చ, గులాబీ రంగు పాలరాళ్ళు అని. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.

ముందు లెక్క చూద్దాం. ఓడ పొద్దున 7కి రేవులో ఆగి సాయంత్రం 7కి బయల్దేరుతుందనుకోండి. కాగితం మీద పన్నెండు గంటలు. ఓడ దిగడానికి అనుమతి వచ్చి, వరసలో బయటపడేసరికి ఏడున్నర. లివోర్నో సరుకుల రేవు, అందులో మనల్ని నడవనివ్వరు. షటిల్ బస్సు ఎక్కి ఊళ్ళోకి, అక్కడి నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న లివోర్నో సెంట్రాలే స్టేషన్‌కి చేరాలి. దానికి ఒక గంట. రైల్లో ఇంచుమించు గంటన్నర. అంటే ఫ్లోరెన్స్‌లో కాలు పెట్టేసరికి పది దాటుతుంది. ఇప్పుడు వెనక నుంచి రండి. ఓడ బయల్దేరేది 7 గంటలకైనా అందరూ ఎక్కి ఉండాల్సింది ఆరున్నరకి. రెండు గంటలు చేతిలో ఉంచుకుంటే నాలుగున్నరకల్లా రేవులో ఉండాలి. స్టేషన్ నుంచి రేవుకి గంట, రైలుకి గంటన్నర తీసేస్తే, ఫ్లోరెన్స్‌లో రెండింటికి రైలెక్కాలి. పది నుంచి రెండు. పన్నెండు గంటల రోజులో మన చేతికి మిగిలేది నాలుగు గంటలు కూడా కాదు. అందులో పీసాకి వాటా ఎక్కడ ఉంది?

రెండు గంటలు ఎందుకు, గంట చాలదా అని మా బావగారు అడిగారు. ఇటలీలో రైళ్ళ సమ్మెలు అరుదేం కాదు. సమ్మె రోజున పని దినాల్లో పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని రైళ్ళు తప్పనిసరిగా నడుపుతారు. మన తిరుగు ప్రయాణం పడేది ఆ రెండిటికీ మధ్యలో. సమ్మె తేదీలు ముందే ప్రకటిస్తారు కాబట్టి వారం ముందు ఒకసారి చూసుకోవడం మంచిది. సమ్మె లేకపోయినా రైలు ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు. ఓడవాళ్ళ టూరులో వెళ్తే ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకి వాళ్ళే చేరుస్తారు. సొంతంగా వెళ్ళినవాళ్ళు సొంత ఖర్చుతో చేరుకోవాలి. అందుకే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉన్నవాళ్ళు ఓడవాళ్ళ బస్సులోనే వెళ్ళాలని నా అభిప్రాయం. ఖర్చు ఎక్కువే, కానీ రోజంతా గడియారం చూసుకునే టెన్షన్ ఉండదు. సొంతంగా వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టు కాపీ, ఓడలో రోజూ ఇచ్చే కాగితంలో ఉండే పోర్ట్ ఏజెంట్ (రేవులో ఓడ తరఫు మనిషి) నంబరు జేబులో పెట్టుకోవాలి.

పోయిన ఏడాది నాన్నతో మళ్ళీ వెళ్ళాను. నాన్న ముప్పయ్యేళ్ళు ఇళ్ళు కట్టించారు. తాపీ మేస్త్రీలతో, ఇటుకలతో, సిమెంటుతోనే ఆయన జీవితమంతా గడిచింది. ఈసారి ఒక్కటే చూద్దామని ముందే నిశ్చయించుకున్నాం: కెథడ్రల్ మీద బ్రునెల్లెస్కి కట్టిన గుమ్మటం. పైకి ఎక్కడానికి టికెట్ ముందుగా, టైముతో సహా తీసుకోవాలి. ఓడ ఆలస్యమైతే ఉంటుందని పదకొండున్నర స్లాట్ తీసుకున్నాను. స్టేషన్ నుంచి నడిస్తే పావుగంట కూడా పట్టదు.

వెళ్ళే రైల్లో నాన్నకి కథ చెప్పాను. ఆ కెథడ్రల్ 1296లో మొదలుపెట్టారు. గోడలు లేచాయి. మధ్యలో సుమారు 45 మీటర్ల వెడల్పున అష్టభుజి ఖాళీ మిగిలింది. దాని మీద గుమ్మటం ఎలా వేయాలో ఎవరికీ తెలియదు. 1418లో పోటీ పెట్టారు. కంసాలి పని నేర్చుకున్న బ్రునెల్లెస్కి ముందుకొచ్చి, కింద నుంచి సెంట్రింగ్, అంటే ఆసరాగా నిలబెట్టే చట్రం, లేకుండా కడతానన్నాడు. నాన్న కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగారు. "సెంట్రింగ్ లేకుండానా? ఎలా నిలుస్తుంది?" అన్నారు. అక్కడి నుంచి దారి పొడుగునా ఇంకో మాట లేదు.

పైకి 463 మెట్లు. లిఫ్టు లేదు. గుండె జబ్బులున్నవాళ్ళు ఎక్కకూడదు. నాన్న ఆగి ఆగి ఎక్కారు. ఆ గుమ్మటం ఒకటి కాదు, ఒకదానిలో ఒకటి రెండు. మెట్ల దారి ఆ రెండు పొరల మధ్యలోంచి పోతుంది. ఒకరు నిలబడితే ఇంకొకరు పక్కకి తప్పుకోవాల్సిన ఇరుకు. అక్కడ ఇటుకలు బయటికే కనిపిస్తాయి. నాన్న ఆగిపోయి గోడ మీద చెయ్యి పెట్టారు. అడ్డంగా పేర్చిన ఇటుకల వరసల మధ్య అక్కడక్కడా ఒక ఇటుకని నిలువుగా పెట్టారు. పై వరసలో ఆ నిలువు ఇటుక కాస్త పక్కకి జరుగుతుంది, ఆ పైది ఇంకాస్త. అలా చేప ముల్లులా ఏటవాలుగా పైకి పోతుంది. నాన్న వేలితో ఆ గీత వెంట రాస్తూ పోయారు. "ఇదిగో, ఈ నిలువుది పట్టుకుంది. రెండు నిలువు ఇటుకల మధ్య నాలుగైదు అడ్డం ఇటుకలే. సున్నం ఆరేదాకా అవి జారవు. చుట్టూ ఒక వరస పూర్తయితే అది దానంతటదే నిలబడుతుంది, దాని మీద ఇంకో వరస" అన్నారు. వెనకాల జనం ఎదురుచూస్తున్నారు. ఆయన కదల్లేదు. నేను చదివి తెలుసుకున్నది ఆయన చేత్తో ముట్టుకుని కనిపెట్టారు. 1420లో మొదలుపెట్టి 1436లో ఆ ఖాళీని మూసేశారు. నలభై లక్షలకి పైగా ఇటుకలు. ఎద్దులు తిప్పే యంత్రంతో పైకి లాగారు.

దిగాక కెథడ్రల్ మ్యూజియంలో గంట గడిపాం. కెథడ్రల్ ఎదురుగా ఉన్న బాప్టిస్ట్రీకి (బాప్టిజం ఇచ్చే గుడి) శిల్పి గిబెర్టి చేసిన బంగారు పూత తలుపుల అసలువి అక్కడే ఉన్నాయి. బయట బాప్టిస్ట్రీకి ఇప్పుడున్నవి నకళ్ళు, జనం మాత్రం ఫోటోల కోసం ఆ నకళ్ళ ముందే గుమిగూడతారు. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహాన్ని మేం చూడలేదు. ఉఫీజీ చిత్రాల మ్యూజియంకి వెళ్ళలేదు. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ మిగతా వంతెనలన్నీ పేల్చేసినా మిగిలిన పోంతె వెక్కియో దాకా కూడా నడవలేదు. నాకు అణుమాత్రం విచారం లేదు.

అలాగని అందరూ గుమ్మటమే ఎక్కాలని అనను. మా పక్కింటి వదినగారికి చిత్రకళ ప్రాణం. ఆవిడ నేరుగా ఉఫీజీకి వెళ్ళి చిత్రకారుడు బొత్తిచెల్లి బొమ్మలున్న గదుల్లోనే ఉండాలి. శిల్పం ఇష్టమైనవాళ్ళు అకాడమియా మ్యూజియంలో 5 మీటర్ల పైచిలుకు ఎత్తున్న డేవిడ్ చుట్టూ రెండుసార్లు తిరగాలి. గెలీలియో, మైకెలాంజెలో సమాధుల ముందు నిలబడాలనుకునేవాళ్ళు సాంతా క్రోచె చర్చికి పోవాలి. అయితే ఓడ లివోర్నోలో ఆగేది వారంలో ఏ రోజో ముందు చూసుకోండి. సోమవారం ఉఫీజీ, అకాడమియా రెండూ మూసి ఉంటాయి. ఆదివారం కెథడ్రల్‌లో ప్రార్థనలుంటాయి.

పీసా అంటే నాకు చిన్నచూపు లేదు. రెండో ఊరిగా, దారిలో దిగే మజిలీగా చూడటమే దానికి మనం చేసే అన్యాయం. లివోర్నో నుంచి రైల్లో ఇరవై నిమిషాలే. 1173లో మొదలుపెట్టిన ఆ గోపురం 1990 నుంచి 2001 దాకా మూసేసి, పడిపోకుండా కింద మట్టి కొంచెం కొంచెం తీసి వాలు కాస్త తగ్గించారు. ఇప్పుడు పైకి ఎక్కొచ్చు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని మాత్రం ఎక్కనివ్వరు. పెద్దవాళ్ళతో వచ్చే కుటుంబాలకి ఆ పచ్చిక మైదానంలో ఒక పూట తీరిగ్గా గడపడం చాలా మంచి రోజు. తిరిగి రావడానికి పరుగులు అక్కర్లేదు.

కమిటీవారికి నా విన్నపం ఒకటే. బస్సు బుక్ చేసే ముందు ప్రతి కుటుంబాన్నీ ఆ రోజు చూడాలనుకునే ఒక్క దాని పేరు రాసి ఇవ్వమనండి. ఒక్కటే. పేర్లు కలిసినవాళ్ళు ఒక జట్టు. అరవై మందిని ఒకే జెండా వెనక నడిపిస్తే అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ఇబ్బంది పడతారు, మిగతావాళ్ళు విసుక్కుంటారు. ఎనిమిది, పదిమంది జట్లయితే రైల్లో ఒక చోట కూర్చోవచ్చు, ఎవరు తప్పిపోయారో వెంటనే తెలుస్తుంది. లివోర్నోకి తిరిగొచ్చే రైలు టైము అన్ని జట్లకీ ఒకటే పెడదాం.

రెండింటి రైలుకి నాన్నా నేనూ ఖాళీగా ఉన్న సీట్లు చూసుకుని కూర్చున్నాం. నాన్న జేబులోంచి మ్యూజియం కాగితం తీసి, వెనక వైపు పెన్నుతో ఇటుకలు గీయడం మొదలుపెట్టారు. అడ్డం నాలుగు, నిలువు ఒకటి. దాని పైన మళ్ళీ అడ్డం నాలుగు, నిలువుది కాస్త పక్కకి. పీసా స్టేషన్‌లో రైలు ఆగింది. సగం పెట్టె దిగిపోయింది. ఆయన తలెత్తలేదు.