లేసు తెగిపోతుందిలే అనే ఆ మెసేజ్ సంగతి

నల్గొండ, మిర్యాలగూడ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బండి నడిపేటప్పుడు షూ లేసులు వదులుగా ఉంటే ప్రమాదం అనేది ఉత్త భయమేనని దాని సారం. అందులో చెప్పినవి ఇవి. ఇప్పటి బండ్లకు చైన్ కవర్ లోపలే ఉంటుంది కాబట్టి లేసు చిక్కే చోటే లేదు. చిక్కినా పుటుక్కున తెగిపోతుంది. నెమ్మదిగా పోయేవాళ్లకు ఏమీ కాదు. ముడి గట్టిగా వేస్తే ఊడదు. అంత టెన్షన్ ఉంటే చెప్పులేసుకుంటే సరి. అసలు ప్రభుత్వ లెక్కల్లో లేసు వల్ల ప్రమాదం అన్న మాటే లేదు. చివర్న నవ్వే బొమ్మలు నాలుగు.

దీన్ని ఎక్కువగా పంపుకుంటున్నది పోలీసు కొలువులకు తయారవుతున్న పిల్లలు. పొద్దున్నే ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పరుగు తీసి, కాళ్లకు కాస్త గాలి తగలాలని లేసులు వదులు చేసుకుని, అట్లాగే బండెక్కి పోయేది కూడా వాళ్లే. అందుకే దీనికి జవాబు రాయాల్సి వచ్చింది.

ముందు చైన్ సంగతి చూద్దాం. ఇందులో సగం నిజం ఉంది. స్ప్లెండర్ లాంటి బండ్లకు చైన్ మొత్తం రేకు పెట్టెలోనే తిరుగుతుంది. అక్కడికి లేసు పోవడం కష్టమే. కానీ ఊళ్లో ఉన్నవన్నీ స్ప్లెండర్లు కావు కదా. డ్యూక్, ఆర్15 లాంటి వాటికి చైన్ పైన ఒక చిన్న పట్టీ తప్ప అడ్డం ఏమీ ఉండదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో వెనక చక్రం సెకనుకు సుమారు ఆరు సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ వెనక పళ్ల చక్రం మీదుగా అర మీటరుకు పైగా చైన్ పోతుంది. అంటే సెకనుకు మూడు మీటర్లకు పైనే. జానెడు లేసు లోపలికి పోవడానికి రెప్పపాటు కూడా పట్టదు.

ఇంకో సంగతి, చైన్‌కు దగ్గరగా ఉండేది నడిపేవాడి కాలు కాదు, వెనక కూర్చున్నవాళ్ల కాలు. చీర గార్డు ఎందుకు పెడతారో అందరికీ తెలుసు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవాళ్లకు పట్టుకోవడానికి పట్టు, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డం ఉండాలి. కొత్త బండి షోరూమ్ నుంచి రాగానే అందం పోతోందని ఆ గార్డును ఊడదీయించే మహానుభావులు మన దగ్గర తక్కువేమీ లేరు. చున్నీ చక్రంలో పడుతుందేమోనని పక్క బండి వాళ్లు కేకేసి చెప్తారు. వెనక కూర్చున్న స్కూలు పిల్లాడి లేసు వేలాడుతుంటే మాత్రం ఎవరి కంటికీ ఆనదు.

అయినా నా ఉద్దేశంలో చైన్ అసలు విషయం కాదు. మెసేజ్ రాసినవారు చైన్ గురించి మాట్లాడి గేర్ లివర్‌ను వదిలేశారు. చైన్‌కు కవర్ ఉంది, సరే, గేర్ లివర్‌కు ఏ కవర్ ఉంది? అది ఎడమ పాదం ముందు బయటికి పొడుచుకుని ఉంటుంది. దాని కొసకు రబ్బరు తొడుగు, ఆ తొడుగు చివర చిన్న అంచు. డ్యూక్ లాంటి బండ్లకు గేరు పైకి వేయాలంటే బొటనవేలిని లివర్ కింద పెట్టి లేపాలి. కాలు పెట్టి తీసే ఆ కదలికలో ముడి ఉచ్చు వదులుగా ఉంటే పోయి లివర్ కొసకు తగులుకుంటుంది. రబ్బరు అంచు దాన్ని వెనక్కి జారనివ్వదు. మడమతో కూడా తొక్కే పొడుగు లివర్ ఉన్న బండ్లకు తగులుకునే కొసలు రెండు. ఎడమ వైపు సైడ్ స్టాండ్, కుడి వైపు కిక్, బ్రేకు పెడల్, ఫుట్‌రెస్ట్ చివర్లు, ఇవన్నీ బయటే ఉంటాయి, వీటిలో దేనికైనా లేసు తగలొచ్చు. ఎడమ కాలికి తగిలితే మాత్రం సంగతి వేరు. ఎందుకంటే మనలో చాలామంది బండి ఆపగానే కింద పెట్టేది ఎడమ కాలే, కుడి కాలు బ్రేకు మీద ఉంటుంది కాబట్టి.

దీని తర్వాత వచ్చేది "నెమ్మదిగా పోతే ఏం కాదు" అన్న మాట. మెసేజ్ మొత్తంలో నాకు బాగా తప్పుగా కనిపించింది ఇదే. లేసు వల్ల పడేది వేగంలో కాదు, ఆగేటప్పుడే. బండి కదులుతున్నంత సేపు దాన్ని నిలబెట్టడానికి కాలు అక్కర్లేదు. లేసు లివర్‌కు తగులుకుని పది కిలోమీటర్లు వచ్చినా తెలియకపోవచ్చు. క్లాక్ టవర్ దగ్గర ముందున్న ఆటో ఆగింది, మీరూ ఆపారు, ఎడమ కాలు దించబోయారు, రాలేదు. అప్పుడు తెలుస్తుంది. కానీ అప్పటికి బండి వాలిపోతూ ఉంటుంది. స్ప్లెండర్ కూడా క్వింటాల్‌కు పైనే బరువు, బుల్లెట్ అయితే దాదాపు రెండు క్వింటాళ్లు. కాస్త వాలాక దాన్ని చేతులతో ఆపడం ఎంత బలవంతుడి వల్లా కాదు. కట్టేసిన కాలు బండి కిందే ఉంటుంది. ఆదరాబాదరాగా కుడికి ఒరిగితే అటు వైపు నుంచి వచ్చేవి బస్సులు, లారీలు.

మన రోడ్ల తీరు కూడా దీనికి తోడవుతుంది. వాన నీరు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఎడమ పక్కన ఆగిన బండికి ఎడమ వైపు నేల కొంచెం లోతుగా అందుతుంది. అంటే కాలు ఇంకాస్త కిందికి పోవాలి, సరిగ్గా అప్పుడే లేసు పట్టి లాగుతుంది. కోతల కాలంలో మిర్యాలగూడ, హాలియా వైపు రోడ్డు సగం వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. ఎదురుగా లారీ వస్తే ఆ వడ్ల పక్కనే ఉన్నపళంగా ఆగాలి. జడ్చర్ల, దేవరకొండ దారుల్లో ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, గేదెలు, గొర్రెల మందలు. ఇట్లాంటి దారిలో కాలు ఎన్నిసార్లు దించుతామో లెక్క ఉండదు. చౌటుప్పల్ దాటాక హైవే మీద 80లో పోయేవాడి కంటే ఊరి దారిలో 20లో పోయేవాడికే లేసు బెడద ఎక్కువ.

లేసు తెగిపోతుందట. మీ షూ లేసును రెండు చేతులకు చుట్టుకుని లాగి చూడండి. స్పోర్ట్స్ షూలకు వచ్చేవి పాలిస్టర్ లేసులు, చేయి కోసుకుపోతుంది తప్ప అవి తెగవు. అరిగిపోయిన నూలు లేసు తెగొచ్చేమో, దాన్ని నమ్ముకుని బండి ఎక్కలేం కదా. పైగా లాగే సమయం ఎంత? బండి వాలడం మొదలైన అర సెకనులో కాలు గుంజుకుని లేసు తెంపుకోవాలి. గుంజితే ఇంకొకటి కూడా జరుగుతుంది. లివర్ కూడా కాలితో పాటు కదిలి గేరు మారిపోవచ్చు.

ముడి మాటకు వద్దాం. గట్టిగా వేస్తే ఊడదనేది చాలామంది నమ్మకం. 2017లో అమెరికాలోని బర్కిలీలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇంజినీర్లు ఇదే ప్రశ్న మీద పనిచేసి ఫలితాలను లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. పరుగులో పాదం నేలకు కొట్టుకున్నప్పుడు భూమ్యాకర్షణకు ఏడింతల త్వరణం పుడుతుందని, ఆ దెబ్బకు ముడి వదులవుతుందని, కాలు ఊగేటప్పుడు లేసు కొసలు కొరడాల్లాగా ఊగి ముడిని లాగేస్తాయని వాళ్లు చూశారు. చాలాసేపు ఏమీ కానట్టే ఉన్న ముడి, వదులవడం మొదలయ్యాక క్షణాల్లో ఊడిపోతుంది. గ్రౌండ్‌లో ఐదు కిలోమీటర్లు ఉరికి వచ్చిన షూ ముడి ఇంట్లో వేసుకున్నప్పటిలాగా ఉండదన్నమాట. బండెక్కే ముందు ఒకసారి వంగి చూసుకోవాల్సింది అందుకే.

ముడిలోనూ రెండు రకాలున్నాయి. కట్టుకున్నాక ఉచ్చులు రెండూ పాదానికి అడ్డంగా, ఎడమకూ కుడికీ పడుకుంటే మంచి ముడి. వేళ్ల వైపు ఒకటి, మడమ వైపు ఒకటి తిరిగిపోతుంటే అది బలహీనమైన ముడి, బర్కిలీ పరీక్షల్లోనూ త్వరగా ఊడింది అదే. మొదటి మెలికను ఇప్పుడు వేసేదానికి తిరగేసి వేస్తే సరిపోతుంది. బండి మీద పోయేవాళ్లు ఇంకో పని కూడా చేయాలి, ఎందుకంటే ముడి ఊడకపోయినా పెద్ద ఉచ్చు ఒక్కటి చాలు లివర్‌కు తగులుకోవడానికి. ఉచ్చులతోనే ఇంకో ముడి వేసి, మిగిలిన కొసలను పాదం మీది అడ్డ లేసుల కిందికి దోపేయాలి. లేసు మరీ పొడుగైతే షాపులో పొట్టిది దొరుకుతుంది. చిన్న పిల్లల షూలకైతే లేసుల బదులు అతుక్కునే పట్టీలవి కొనడం మేలు.

"చెప్పులేసుకుంటే సరి" అన్నది వాదనే కాదు. హవాయి చెప్పు తడిలో ఫుట్‌రెస్ట్ మీద జారుతుంది, కాలు దించితే కంకర మీద మెలిక పడుతుంది, పడితే వేళ్లు, చీలమండ నేరుగా రోడ్డుకు రాసుకుంటాయి. ఇక్కడ ఒక పక్క మాట చెప్పాలి. చెప్పులతో బండి నడిపితే చలానా అంటూ తిరిగే ఇంకో మెసేజ్ కూడా తప్పే. చెప్పులకు, లుంగీకి, పొట్టి చేతుల చొక్కాకు చలానా లేదని 2019 సెప్టెంబర్‌లోనే కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ కార్యాలయం ట్విట్టర్‌లో స్పష్టం చేసింది. చలానా లేదు కాబట్టి కాలికి దెబ్బ తగలదని మాత్రం అనుకోవద్దు.

ఇక ప్రభుత్వ లెక్కలు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా ఇచ్చే ప్రమాదాల నివేదికలో డ్రైవర్ల తప్పులకు ఉండే గళ్లు కొన్నే: అతివేగం, మద్యం, రాంగ్ సైడ్, సిగ్నల్ దాటడం, ఫోన్ మాట్లాడటం, ఇతరాలు. లేసుకు గడే లేనప్పుడు అంకె ఎక్కడ రాస్తారు? అదీగాక నిలబడ్డ బండి మీద పడి కాలు బెణికించుకున్నవాడు పోలీస్ స్టేషన్‌కు పోడు, కట్టు కట్టించుకుని ఇంటికి పోతాడు. ప్రాణాలు తీసేవాటిలో హెల్మెట్ లేకపోవడం, తాగి నడపడం ముందు వరసలో ఉంటాయి, అందులో అనుమానం లేదు. కానీ పట్టికలో లేదు కాబట్టి జరగడం లేదనడం కుదరదు.

స్కూటీ వాళ్లకు ఈ గొడవ లేదని మెసేజ్ కింద ఎవరో కలిపారు. గేర్ లివర్ లేదు కాబట్టి చాలా వరకు నిజమే. ఒకటే చూసుకోవాలి, కాళ్లు రెండూ పక్కపక్కనే పెట్టుకుంటాం కాబట్టి ఎడమ లేసు కుడి షూ కింద పడి ఉండొచ్చు. ఆపి కాలు దించబోతే మన కాలే మన కాలిని ఆపుతుంది.

బండి మీద ఉండగానే ఎడమ లేసు చిక్కిందని తెలిస్తే కిందికి వంగి చూడొద్దు. వేగం మెల్లగా తగ్గించుకుంటూ రోడ్డు పక్కకు తీయండి. ఆగేటప్పుడు ముందు చక్రం బ్రేకు వాడి, బండిని కొంచెం కుడికి ఒరిగించి కుడి కాలు దించండి. క్లచ్ పట్టుకునే ఉండి కుడి చేత్తో తాళం తిప్పి ఇంజిన్ ఆపండి. గేరులోనే ఉంచి క్లచ్ వదిలితే బండి కదలదు. అప్పుడు ఎడమ చెయ్యి ఖాళీ అవుతుంది, దానితో లేసు విడిపించుకోవచ్చు. సైడ్ స్టాండ్ వేయబోకండి, అది వేయాల్సింది చిక్కుకున్న ఎడమ కాలితోనే. చెయ్యి అందకపోతే దారిన పోయే ఎవరినైనా "అన్నా, ఒక్కసారి బండి పట్టుకో" అనండి.