21 రోజుల లెక్క ఎక్కడ తప్పింది?

మా కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి ఈ సందేశం ఏటా రెండుసార్లు వస్తుంది. జనవరి 1న ఒకసారి, ఉగాదికి ఒకసారి. పంపేది పెదనాన్న. "ఏ పనైనా వరుసగా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని సైన్సు నిరూపించింది. మధ్యలో ఒక్క రోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. రోజుకు ఒక్క శాతం మెరుగుపడితే ఏడాదికి 37 రెట్లు ఎదుగుతారు. మన పెద్దలు మండల దీక్ష పెట్టింది ఇందుకే." దాని కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. ఇన్నాళ్లూ వాటిలో నాదీ ఒకటి ఉండేది. ఈ ఉగాదికి మాత్రం పెట్టలేకపోయాను.

ముందు ఆ "సైన్సు" సంగతి. 21 అన్న అంకెకు మూలం అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాసిన 'సైకో-సైబర్నెటిక్స్'. శస్త్రచికిత్స అయినవారికి అద్దంలోని కొత్త ముఖం తమదే అనిపించడానికి, కాలో చెయ్యో తీసేసినవారికి అది ఇంకా ఉన్నట్టే అనిపించడం పోవడానికి మూడు వారాలు పడుతోందని ఆయన గమనించారు. రాసింది కూడా "కనీసం" సుమారు 21 రోజులు అని. చేతులు మారే దారిలో ఆ "కనీసం" ఎక్కడో జారిపోయింది. అయినా కొత్త ముక్కుకు అలవాటు పడడం వేరు, తెల్లవారుజామున 5 గంటలకు దుప్పటి తీయడం వేరు. ముక్కు దానంతటదే ముఖం మీద ఉంటుంది, మనం లేచి వెళ్లి తెచ్చుకోనక్కర్లేదు.

అలవాటును నిజంగా కొలిచినవారు వేరే ఉన్నారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో 84 రోజులు చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. భోజనంతో ఒక పండు, రాత్రి భోజనానికి ముందు 15 నిమిషాల పరుగు, ఇలా ఒక్కొక్కరు ఒక్కో చిన్న పని ఎంచుకున్నారు. ఆ పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి పట్టిన కాలం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేలింది. ఆ 254 కూడా అధ్యయనం ముగిశాక, అలవాటు రోజురోజుకూ బలపడిన తీరును చూపే రేఖను ముందుకు పొడిగించి వేసిన అంచనాయే. మధ్యగతం 66 రోజులు, అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువే. వ్యాయామం ఎంచుకున్నవారికి తినే, తాగే పనులు ఎంచుకున్నవారికన్నా ఎక్కువ సమయం పట్టింది.

ఇందులో నాకు నచ్చింది అంకెలు కాదు. ప్రతివారూ తమ పనిని రోజూ ఎలాగూ జరిగే మరో పనికి ముడివేశారు. మా ఇంట్లో అమ్మ ఏ అధ్యయనమూ చదవకుండానే ఇది చేసింది. నాన్న రక్తపోటు మాత్ర రోజు విడిచి రోజు మరిచిపోయేవారు. అమ్మ మాత్రల అట్టను కాఫీ పొడి డబ్బా మూత మీద పెట్టి రబ్బరు బ్యాండు వేసింది. కాఫీ ఆయనే కలుపుకుంటారు కాబట్టి అట్ట తీయకుండా మూత తీయలేరు.

"ఒక్క రోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచి" అన్న మాట మీద నాకు సొంత కోపం ఉంది. రెండేళ్ల క్రితం నడక మొదలుపెట్టి వంటింటి క్యాలెండరులో వరుసగా 17 టిక్కులు పెట్టాను. 18వ రోజు బంధువుల పెళ్లి. తిరిగొచ్చాక మళ్లీ ఒకటి నుంచా అని నీరసం వచ్చి, బూట్లు అటక మీదికి చేరాయి. లాలీ అధ్యయనంలో ఒక్కసారి తప్పడం వల్ల అలవాటు ఏర్పడే తీరుకు చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు. నన్ను ఆపింది పెళ్లి కాదు, ఆ నియమం.

37 రెట్ల గురించి ఎక్కువ రాయను. 1.01ని 365 సార్లు గుణిస్తే 37.78 వస్తుంది, గుణకారం సరైనదే. కానీ జనవరిలో అరగంట నడిచే మనిషి ఆ లెక్కన డిసెంబరు 31న దాదాపు 19 గంటలు నడవాలి! చక్రవడ్డీ బ్యాంకులో పనిచేస్తుంది, మోకాళ్లలో కాదు. అలవాటు రేఖ అసలు దీనికి తలకిందులు: మొదటి రోజుల్లో గబగబా పైకి లేచి, తర్వాత చదునవుతుంది.

ఇక మండల దీక్ష. అది వ్రతం, అలవాట్లు తయారుచేసే యంత్రం కాదు. మా చిన్నాన్న పదకొండుసార్లు అయ్యప్ప మాల వేశారు. ఆ 41 రోజులూ సిగరెట్టు ముట్టరు. నల్ల బట్టలు, చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, విడిగా వంట, ఎదురైన ప్రతివారూ "స్వామీ" అనే పిలుపు. ఇన్ని చుట్టూ ఉంటే సిగరెట్టు వైపు మనసు పోయినా చెయ్యి పోదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే ఆఫీసు పక్క టీ కొట్టు, అదే బల్ల, అదే మిత్రబృందం. పదకొండుసార్లూ అంతే. 41 రోజులంటే 21కి దాదాపు రెట్టింపు కదా పెదనాన్నా!

నాలుగేళ్ల క్రితం రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ టీ కొట్టు పోయింది. చిన్నాన్న ఇప్పుడు టీ ఇంట్లోనే తాగుతారు. సిగరెట్టు మానేశానని ఆయన అంటారు. పిన్ని మాత్రం ఆదివారాల సంగతి అడగమంటుంది.