హెర్పిస్ టెస్టుకు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న

మా బంధువుల అబ్బాయి ఒకడు పోయిన నెల తిరుపతిలో మా ఇంటికి వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళు. నిశ్చితార్థం అయిపోయింది. ఎందుకైనా మంచిదని, ఎవరికీ చెప్పకుండా ఒక ల్యాబ్‌లో సుఖవ్యాధుల ప్యాకేజీ మొత్తం చేయించుకున్నాడు. ఆ రిపోర్టును నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నాడు. ఎన్నిసార్లు తీసి చూసుకున్నాడో, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 2, ఐజీజీ 1.4. పక్కన లావు అక్షరాల్లో ‘పాజిటివ్’.

“అన్నా, ఇది ఎయిడ్స్ లాంటిదేనా? పెళ్ళి ఆపేయమంటావా?” అన్నాడు. ఏనాడూ ఒక్క పుండు లేవలేదు వాడికి. మంట లేదు, దురద లేదు.

ఈ టెస్టు చేయించుకోవాలా వద్దా అని ఆలోచించే ప్రతి ఒక్కరూ ముందు తమను తాము అడగాల్సింది ఒకటుంది: జవాబు వచ్చాక నేను ఏం చేస్తాను? దానికి సమాధానం లేకుండా రక్తం ఇస్తే చేతికి వచ్చేది చాలాసార్లు టెన్షనే.

ముందు పేరు గురించి. మా వైపు హెర్పిస్ అనగానే చాలామంది ‘అక్కి’ అనుకుంటారు. నడుము చుట్టూనో ఛాతీ మీదో ఒక పక్కనే పొక్కులు లేస్తే ఎర్రమట్టితో రాయించుకుంటారే, అది. ఆ అక్కి చికెన్‌పాక్స్ వైరస్ వల్ల వస్తుంది. జననాంగాల మీద వచ్చేది వేరే వైరస్, హెర్పిస్ సింప్లెక్స్. అందులో రెండు రకాలు. టైప్ 1 ఎక్కువగా చిన్నప్పుడే నోటి ద్వారా సోకుతుంది. జ్వరం వచ్చి తగ్గాక మూతి మీద లేచే పొక్కులు దానివే. అది జననాంగాలకూ సోకవచ్చు. టైప్ 2 ప్రధానంగా లైంగిక సంబంధం ద్వారా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 నాటికి 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో దాదాపు 52 కోట్ల మందికి టైప్ 2 ఉంది. వాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఒంట్లో చేరితే పూర్తిగా పోదు, కానీ చాలామందిని పెద్దగా ఇబ్బంది పెట్టదు.

ఇక రక్తపరీక్ష. అది వెతికేది వైరస్ కోసం కాదు, వైరస్‌తో పోరాడటానికి మన ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీల కోసం. రిపోర్టులో ఉన్న ఐజీజీ అలాంటి యాంటీబాడీయే. అవి బయటపడటానికి 12 వారాల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టొచ్చు. భయపడిన మర్నాడే పరుగెత్తి చేయించుకుంటే నెగెటివ్ వచ్చినా దానికి విలువ లేదు. పాజిటివ్‌దీ అదే కథ. సాధారణంగా 1.1 దాటితే పాజిటివ్ అని రాసేస్తారు, కానీ 3 లోపు అంకెల్లో తప్పులు ఎక్కువ. లక్షణాలు లేనివాళ్ళకు ఈ పరీక్ష వద్దని అమెరికాలోని ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల బృందం 2016లో చెప్పింది. ఆ దేశంలో అందరికీ చేస్తే పాజిటివ్ వచ్చినవాళ్ళలో సుమారు సగం మందికి అసలు ఇన్ఫెక్షనే ఉండకపోవచ్చని లెక్కగట్టింది. 2023లో మళ్ళీ అదే మాట మీద నిలబడింది. ఐజీఎం అనే ఇంకో రకం యాంటీబాడీ పరీక్ష అయితే మరీ అన్యాయం. అది కొత్తదో పాతదో తేల్చదు, టైప్ 1నో టైప్ 2నో చెప్పదు. అయినా గర్భం నిలవలేదని వచ్చే ఆడవాళ్ళకు ‘టార్చ్’ అనే ఇన్ఫెక్షన్ల టెస్టు పేరుతో అదే రాస్తున్నారు. పాజిటివ్ వచ్చిందని ఆ ఇంట్లో కోడలిని అనుమానంగా చూస్తారు. ఇది ఆగాలి.

పుండు లేచినవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. వాళ్ళు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. నీటి పొక్కు పగిలి పచ్చిగా ఉన్నప్పుడు దూదిపుల్లతో తుడిచి, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తే ఏ వైరసో, ఏ రకమో తేలిపోతుంది. పక్కు కట్టాక దొరకడం కష్టం. మనవాళ్ళు చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. సిగ్గుపడి మందుల షాపులో దురద ఆయింట్‌మెంటు అడుగుతారు. అందులో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. వారం పూసి, తగ్గక, అప్పుడు డాక్టరు దగ్గరకు వస్తారు. అప్పటికి చూడటానికి ఏమీ మిగలదు. తెలిసినవాళ్ళ కంటపడతామని చిత్తూరు నుంచి వేలూరు బస్సెక్కేవాళ్ళున్నారు. తిరుపతిలోని రుయా లాంటి ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సుఖవ్యాధుల చికిత్స ఉచితం, వివరాలు బయటికి పోవు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసినా దారి చెబుతారు. పుండు ఉంటే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలూ తప్పక చేయించుకోవాలి, ఎందుకంటే టైప్ 2 ఉన్నవాళ్ళకు హెచ్‌ఐవీ సోకే ముప్పు దాదాపు మూడింతలు.

పుండు లేకపోయినా రక్తపరీక్ష పనికొచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. భార్యాభర్తల్లో ఒకరికి హెర్పిస్ ఉందని తేలితే రెండోవాళ్ళు చేయించుకోవచ్చు. జవాబును బట్టి చేయాల్సినవి ఉంటాయి: కండోమ్, పుండు ఉన్న రోజుల్లో దూరంగా ఉండటం, హెర్పిస్ ఉన్నవాళ్ళు రోజూ వైరస్‌ను అణిచే వాలసైక్లోవిర్ మాత్ర వేసుకోవడం. ఆ మాత్ర రెండోవాళ్ళకు టైప్ 2 సోకే ముప్పును సుమారు సగానికి తగ్గిస్తుందని 2004లో వచ్చిన అధ్యయనంలో తేలింది. భార్య గర్భిణి అయితే ఇది మరీ ముఖ్యం. పాత ఇన్ఫెక్షన్ తల్లి నుంచి బిడ్డకు సోకడం అరుదు, నూటికి ఒకటి కంటే తక్కువ. అదే చివరి నెలల్లో కొత్తగా అంటుకుంటే ఆ ముప్పు నూటికి 30 నుంచి 50 దాకా ఉంటుంది. అలాంటి ఇంట్లో భర్త తన సంగతి దాచిపెట్టడం బిడ్డ ప్రాణంతో ఆటే.

మావాడిని వెంటబెట్టుకుని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన కాగితం చూసి, “1.4నా? దీంతో నీకు ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను” అన్నారు. మూడు నెలలయ్యాక మళ్ళీ చేసి, ఇంకో పద్ధతిలోనూ సరిచూడాలన్నారు. ఆ అమ్మాయికి చెప్పాలా అని వాడు అడిగాడు. తేలాక ఇద్దరూ కలిసి రండి, నేనే వివరిస్తాను అన్నారు ఆయన. ఉన్నా పెళ్ళి ఆపాల్సిన జబ్బు కాదని కూడా అన్నారు. లేచి బయటికి వస్తుంటే వెనక్కి పిలిచారు.

“ఎప్పుడైనా అక్కడ పొక్కు లేస్తే ఏమీ పూయొద్దు నాయనా. ఆ రోజే రా.”